అన్ని రకాల ఆటకీ పనికొచ్చే మధ్యస్థ బరువు టెన్నిస్ రాకెట్: ఎంచుకోవడం ఎలా?

పిల్లలను టెన్నిస్ కోచింగ్‌కి పంపే ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. సాయంత్రం క్లబ్బులో డబుల్స్ ఆడే పెద్దవాళ్లూ, ఉద్యోగంలో కుదురుకున్నాక ఆట మళ్లీ మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. కోచ్ బెంగళూరులో కన్నడంలో చెబుతాడు, చెన్నైలో తమిళంలో, పుణెలో మరాఠీలో, బరంపురంలో ఒడియాలో. రాకెట్ మీద అచ్చువేసిన అంకెలు మాత్రం అన్నిచోట్లా ఒకటే. వాటి అర్థం తెలియకపోతే రంగు చూసో, ధర చూసో, టీవీలో కనిపించిన ఆటగాడి పేరు చూసో కొంటాం. పేరున్న కంపెనీల గ్రాఫైట్ రాకెట్ ధర పది వేలు దాటుతుంది. సరిపడనిది కొంటే డబ్బు పోవడమే కాదు, మోచెయ్యి నొప్పి కూడా తోడవుతుంది.

తొందరలో ఉన్నవారికి ముందే సారాంశం. గట్ వేయకముందు బరువు 285 నుంచి 300 గ్రాములు, హెడ్ 100 చదరపు అంగుళాలు, పొడవు 27 అంగుళాలు, బ్యాలెన్స్ 32 సెంటీమీటర్ల దగ్గర, గట్ అల్లిక 16 బై 19, చేతికి సరిపోయే గ్రిప్. వెనకనుంచి ఆడినా, నెట్ దగ్గర ఆడినా, సింగిల్స్ అయినా డబుల్స్ అయినా ఎక్కువమందికి సరిపోయే కొలతలు ఇవి. ఎందుకో, ఎవరు ఎక్కడ మార్చుకోవాలో కింద వివరంగా ఇస్తున్నాం.

మధ్యస్థ బరువు అంటే ఎంత?

టెన్నిస్ నిబంధనల్లో రాకెట్ పొడవుకి హద్దు ఉంది, 29 అంగుళాలు దాటకూడదు. వెడల్పుకీ హద్దు ఉంది, 12.5 అంగుళాలు. బరువుకి మాత్రం ఏ హద్దూ లేదు. అందుకే బరువు ఎంపిక పూర్తిగా ఆడేవారిదే.

చెక్క రాకెట్ల కాలంలో ఫ్రేము 370 గ్రాములకు అటూ ఇటూ ఉండేది. హెడ్ మాత్రం 65 చదరపు అంగుళాలే. గ్రాఫైట్ వచ్చాక బరువు తగ్గింది, హెడ్ పెరిగింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే పెద్దల రాకెట్లను స్థూలంగా మూడు రకాలుగా చూడవచ్చు. 275 గ్రాముల లోపు తేలికవి, 280 నుంచి 305 దాకా మధ్యస్థం, 310 దాటితే బరువైనవి. ఫెడరర్ పేరుతో విల్సన్ అమ్మిన ప్రో స్టాఫ్ ఆర్ఎఫ్ 97 ఫ్రేము 340 గ్రాములు, హెడ్ 97 చదరపు అంగుళాలు. వారానికి రెండు రోజులు ఆడేవారు దాంతో మొదటి సెట్ బాగానే ఆడవచ్చు, రెండో సెట్‌కి చెయ్యి ఆలస్యమవుతుంది.

అలాగని మరీ తేలికది మంచిదని కాదు. టెన్నిస్ బంతి బరువు 56 నుంచి 59.4 గ్రాములు. అది వేగంగా వచ్చి గట్‌ని తాకి వదిలేదాకా పట్టే సమయం సెకనులో రెండువందలో వంతు. అంత తక్కువ సమయంలో బంతి ఇచ్చే దెబ్బను ఫ్రేము బరువే ఆపాలి. ఫ్రేము తేలికైతే అది చేతిలో తిరిగిపోతుంది, అదురు మణికట్టుకీ మోచేతికీ చేరుతుంది. తేలిక రాకెట్ చేతికి హాయి అని చాలామంది అనుకుంటారు. ఊపడానికి హాయే, ఎదుటివాడు గట్టిగా కొట్టిన బంతిని ఆపడానికి మాత్రం కాదు. ఊపగలిగేంత తేలిక, బంతికి చలించనంత బరువు, ఈ రెండూ కలిసే చోటే మధ్యస్థ బరువు.

ఫ్రేము మీద రాసిన బరువు వేరు, చేతిలో బరువు వేరు

ఫ్రేము మీద 300 గ్రాములు అని ఉంటే అది గట్ వేయకముందు బరువు. గట్‌కి 15 నుంచి 18 గ్రాములు కలుస్తుంది. పైన చుట్టే ఓవర్‌గ్రిప్‌కి 5 గ్రాములు, అదురు తగ్గించే రబ్బరు ముక్కకు రెండు మూడు గ్రాములు. చివరికి చేతిలోకి వచ్చేది 320 పైన. రెండు రాకెట్లను పోల్చేటప్పుడు రెండింటికీ గట్ ఉన్న బరువో, రెండింటికీ లేని బరువో చూడాలి. ఒకదానికి అదీ, ఒకదానికి ఇదీ చూస్తే లెక్క తప్పుతుంది.

తయారీలో కొన్ని గ్రాముల తేడా మామూలు. ఒకే మోడల్‌వి రెండు కొంటుంటే వంటింటి డిజిటల్ త్రాసు మీద రెండింటినీ తూచి, దగ్గరగా ఉన్న జతను తీసుకోండి.

పెరిగే పిల్లాడు కదా అని పెద్దది కొనకండి

చొక్కా కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోవడం మన ఇళ్లలో అలవాటు. వచ్చే ఏడాదికీ పనికొస్తుందని లెక్క. రాకెట్ విషయంలో ఈ లెక్క పనిచేయదు. బరువు ఎక్కువైతే పిల్లలు బంతి ముందుకి రాకెట్‌ని సమయానికి తేలేరు. అప్పుడు మోచెయ్యి వంచి, మణికట్టు తిప్పి ఎలాగో సర్దుకుంటారు. ఆ సర్దుబాటే అలవాటుగా స్థిరపడుతుంది. తర్వాత కోచ్ దాన్ని వదిలించడానికి నెలలు పడుతుంది. భుజం నొప్పి వస్తే ఆటే ఆగిపోతుంది.

బరువు గురించి గుర్తుంచుకోవలసిన ముఖ్య సూత్రం ఒకటుంది. తక్కువ బరువు ఫ్రేముకి తర్వాత బరువు కలపవచ్చు, ఎక్కువ బరువు ఫ్రేము నుంచి తీసేయలేం. స్పోర్ట్స్ దుకాణాల్లో దొరికే సీసపు టేపును హెడ్‌కి రెండు పక్కలా, గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే చోట, ఒక్కో గ్రాము చొప్పున అతికించి చూడవచ్చు. రెండు మూడు గ్రాములకే తేడా తెలుస్తుంది. అందుకే 285కీ 300కీ మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే 285 తీసుకోవడమే క్షేమం. సీసం కాబట్టి టేపును చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, అతికించాక చేతులు కడుక్కోండి.

హెడ్ సైజు

హెడ్ పెద్దదైతే బంతి మధ్యలో తగలకపోయినా అవతలికి వెళుతుంది. చిన్నదైతే బంతి ఎక్కడ పడాలో కచ్చితంగా చెప్పవచ్చు, కానీ మధ్యలో తగిలినప్పుడే. 95 నుంచి 98 చదరపు అంగుళాలవి పోటీల్లో ఆడేవారికి, 105 దాటినవి నెమ్మదిగా, పొట్టి ఊపుతో ఆడేవారికి నప్పుతాయి. 100 చదరపు అంగుళాలు, అంటే 645 చదరపు సెంటీమీటర్లు, రెండింటికీ నడిమి కొలత. మొదటి మంచి రాకెట్‌గా దీన్ని దాటి ఆలోచించనక్కర్లేదు.

బ్యాలెన్స్, స్వింగ్ వెయిట్

రెండు రాకెట్లు ఒకే బరువు ఉన్నా ఒకటి తేలిగ్గా, ఒకటి బరువుగా అనిపించడం మీరు గమనించి ఉంటారు. బరువు ఎక్కడ పోగుపడి ఉందన్నదే దానికి కారణం. 27 అంగుళాల రాకెట్ పొడవు 68.5 సెంటీమీటర్లు, నడిమి బిందువు 34.3 దగ్గర. రాకెట్‌ని వేలి మీద నిలబెట్టి, నిలిచిన చోటు నుంచి పిడి చివరిదాకా టేపుతో కొలవండి. గట్ లేకుండా 32 సెంటీమీటర్లు వస్తే బరువు పిడి వైపు ఉందని అర్థం. గట్ వేస్తే ఆ బిందువు దాదాపు ఒక సెంటీమీటరు హెడ్ వైపు జరుగుతుంది.

పిడి వైపు బరువున్న రాకెట్ నెట్ దగ్గర చురుగ్గా తిరుగుతుంది. హెడ్ వైపు బరువున్నది బంతికి ఎక్కువ ఊపునిస్తుంది, చేతికి ఎక్కువ పని కూడా ఇస్తుంది. తేలిక రాకెట్లలో చాలావాటికి ఆ లోటు తీర్చడానికి హెడ్ వైపు బరువు పెడతారు. ఈ ప్రభావాన్ని ఒక్క అంకెలో చెప్పేదే స్వింగ్ వెయిట్. అది ఫ్రేము మీద ఉండదు, మోడల్ వివరాల్లో వెతకాలి. గట్ వేశాక 300 నుంచి 320 మధ్య ఉంటే మధ్యస్థ రాకెట్ అనుకోవచ్చు. గ్రాముల అంకె చిన్నగా ఉండి ఈ అంకె 330 ఉంటే, అది పేరుకే తేలిక.

ఫ్రేము గట్టిదనం

మందం 23 నుంచి 26 మిల్లీమీటర్లు ఉండే ఫ్రేములు సాధారణంగా గట్టిగా ఉంటాయి, బంతిని దూరం పంపుతాయి. 20, 21 మిల్లీమీటర్ల సన్న ఫ్రేములు కొంచెం వంగుతాయి, దూరం తగ్గుతుంది, చేతికి మెత్తగా ఉంటాయి. దీనికీ ఒక కొలత ఉంది. 60కి అటూ ఇటూ ఉంటే మెత్తన, 70 దగ్గరికి వస్తే గట్టిది. ఇప్పటికే మోచెయ్యి బయటి వైపు నొప్పి ఉన్నవారు, అంటే టెన్నిస్ ఎల్బో వచ్చి తగ్గినవారు, 65 దాటని ఫ్రేము వెతుక్కోవడం మంచిది. మందం చూసి మాత్రమే తేల్చుకోకండి. విల్సన్ క్లాష్ లాంటివి మందంగా కనిపించినా వంగే గుణంతో తయారైనవే.

గ్రిప్ సైజు: కొలిచి కొనవలసింది ఇదే

గ్రిప్ చుట్టుకొలత పిడి చివర 0 నుంచి 4 దాకా అంకెలతో ఉంటుంది.

- 0: 4 అంగుళాలు, సుమారు 102 మిల్లీమీటర్లు
- 1: 4 1/8 అంగుళాలు, 105 మిల్లీమీటర్లు
- 2: 4 1/4 అంగుళాలు, 108 మిల్లీమీటర్లు
- 3: 4 3/8 అంగుళాలు, 111 మిల్లీమీటర్లు
- 4: 4 1/2 అంగుళాలు, 114 మిల్లీమీటర్లు

కొలవడం తేలిక. ఆడే చేతిని చాపి, ఉంగరపు వేలి కొస నుంచి అరచేతి మధ్య అడ్డగీత దాకా స్కేలుతో కొలవండి. వచ్చిన కొలతే మీ సైజుకి దగ్గర. ఇంకో పరీక్ష కూడా ఉంది. రాకెట్ పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకీ బొటనవేలి కింది కండకీ మధ్య రెండో చేతి చూపుడు వేలు పట్టాలి. వేలు దూరకపోతే గ్రిప్ చిన్నది, చోటు మిగిలితే పెద్దది.

చిన్న గ్రిప్ చేతిలో తిరుగుతుందని గట్టిగా బిగిస్తాం, ముంజేయి అలసిపోతుంది. సందేహం ఉంటే చిన్నదే కొని ఓవర్‌గ్రిప్ చుట్టండి, దాంతో దాదాపు సగం సైజు పెరుగుతుంది. చెన్నై, యానాం లాంటి ఉక్కపోత ఊళ్లలో చెమటకి ఓవర్‌గ్రిప్ ఎలాగూ తప్పదు. ఆ మందాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

గట్: సగం రాకెట్ ఇదే

మన దగ్గర ఏ తీగ వేసినా గట్ అనే అంటాం. నిజానికి పేగుతో చేసేది నేచురల్ గట్ ఒక్కటే. అది ఆవు పేగు పొరతో తయారవుతుంది, ఖరీదైనది, తడికి చెడుతుంది. పట్టింపు ఉన్న ఇళ్లవారు కంగారు పడనక్కర్లేదు. దుకాణంలో మామూలుగా వేసేవన్నీ నైలాన్, పాలియెస్టర్ తీగలే.

- సింథటిక్ గట్: నైలాన్ తీగ. చవక, అన్నిటికీ సరే అనిపించేది. మొదటి ఏడాదికి ఇది చాలు.
- మల్టీఫిలమెంట్: సన్నని పోగులు పేనినది. మెత్తన, మోచేతికి మంచిది. త్వరగా పోగులు లేస్తుంది.
- పాలియెస్టర్: గట్టి తీగ. బంతికి బాగా స్పిన్ ఇస్తుంది, తొందరగా తెగదు. కానీ తెగకముందే బిగువు కోల్పోతుంది, అదురు చేతికి పంపుతుంది.

టీవీలో చూసే ఆటగాళ్లు చాలామంది పాలియెస్టర్ వాడతారు. వాళ్లు ప్రతి మ్యాచ్‌కీ కొత్త గట్ వేయించుకుంటారు. మనం ఆరు నెలలు అదే ఉంచుతాం. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకీ, యాభై దాటినవారికీ పూర్తి పాలియెస్టర్ వద్దు. గట్ మాటిమాటికీ తెగుతుంటే నిలువుకి పాలియెస్టర్, అడ్డానికి మెత్తటి తీగ వేయించే పద్ధతి ఉంది. మట్టి కోర్టులో ఆడేవారికి గట్ తొందరగా అరుగుతుంది. ఇసుక రేణువులు తీగల మధ్య చేరి ఆకురాయిలా పనిచేస్తాయి.

బిగువు ఎంత ఉండాలో ఫ్రేము మీదే పౌండ్లలో రాసి ఉంటుంది. నైలాన్ రకాలకు 50 నుంచి 55 మధ్య మొదలుపెట్టవచ్చు, పాలియెస్టర్‌కి అంతకంటే నాలుగైదు పౌండ్లు తక్కువ. బిగువు పెంచితే బంతి అదుపులో ఉంటుంది, దూరం తగ్గుతుంది. తగ్గిస్తే దూరం పెరుగుతుంది, చేతికి హాయిగా ఉంటుంది. మార్చాలనుకుంటే ఒకసారికి రెండు పౌండ్లే మార్చండి.

గట్ తెగేదాకా ఆగకండి. వారానికి ఎన్ని రోజులు ఆడతారో ఏడాదికి కనీసం అన్నిసార్లు మార్పించాలన్నది ఆటగాళ్లలో పాత లెక్క. ఒక తీగ తెగితే మిగిలినవి కూడా మధ్యనుంచి కత్తిరించేయండి, లేకపోతే బిగువు ఒక పక్కే లాగి ఫ్రేము వంకరపోవచ్చు.

చిన్న ఊళ్లవారికి ఒక మాట. రాకెట్ కొనేముందే గట్ వేసే మనిషి ఎక్కడున్నాడో చూసుకోండి. బ్యాడ్మింటన్ రాకెట్లకు గట్ వేసే దుకాణం దగ్గర్లో ఉంటే, వాళ్ల మెషిన్ 50 పౌండ్ల పైన లాగగలదా అని అడగండి. బ్యాడ్మింటన్‌కి 20 నుంచి 30 పౌండ్లే చాలు కాబట్టి కొన్ని మెషిన్లు అంతవరకే లాగుతాయి.

అల్లిక గురించి కొద్దిగా. 16 బై 19 అంటే నిలువు 16, అడ్డం 19 తీగలు. గళ్లు వెడల్పుగా ఉండి స్పిన్ తేలిగ్గా వస్తుంది. 18 బై 20 బిగువైన అల్లిక, బంతి నేరుగా వెళుతుంది, గట్ ఎక్కువ కాలం మన్నుతుంది. అన్ని రకాల ఆటకీ మొదటిదే మేలు.

ఎవరికి ఏది?

పదేళ్ల లోపు పిల్లలు: వయసు కంటే ఎత్తు చూడాలి. రాకెట్‌ని పక్కన వేలాడదీసి పట్టుకుంటే దాని కొస నేలకి కాస్త పైనో, నేలను తాకుతూనో ఉండాలి. సాధారణంగా 23 లేదా 25 అంగుళాలది సరిపోతుంది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ గుర్తుల నెమ్మది బంతులతో నేర్చుకునే దశ ఇది. పెద్దల రాకెట్ జోలికి వెళ్లకండి.

పది నుంచి పన్నెండు: 26 అంగుళాల గ్రాఫైట్ రాకెట్. అల్యూమినియంది మొదటి కొన్ని నెలలకు చాలు, మామూలు బంతి మొదలయ్యాక చేతికి అదురు ఎక్కువ పంపుతుంది.

పన్నెండు నుంచి పదిహేను: మొదటి 27 అంగుళాల రాకెట్. 260 నుంచి 285 గ్రాములు. వారానికి ఐదు రోజులు ఆడుతూ ఒళ్లు గట్టిపడినవారికి 285, సన్నగా ఉన్నవారికి 270.

కాలేజీ వయసు, క్రమం తప్పకుండా ఆడేవారు: 300 గ్రాములు, 100 హెడ్. పొడవైన ఊపుతో కొట్టేవారు 305 గ్రాముల 98 హెడ్ కూడా ప్రయత్నించవచ్చు.

ఆట మళ్లీ మొదలుపెట్టిన నలభైల వారు: 285 గ్రాములు, మల్టీఫిలమెంట్ గట్, 50 పౌండ్లు. పాత రోజుల బరువైన రాకెట్ అటక మీద ఉన్నా దాంతో మొదలుపెట్టకండి.

డబుల్స్ ఆడే పెద్దవాళ్లు: 280 నుంచి 290 గ్రాములు, హెడ్ 100 నుంచి 105, మెత్తటి ఫ్రేము. భుజం తేలిక అడుగుతుంది, మోచెయ్యి బరువు అడుగుతుంది. 260కి దిగిపోతే మోచెయ్యి ఒప్పుకోదు.

ఒకే పేరు, నాలుగు బరువులు

మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. కంపెనీలు ఒకే పేరుతో, ఒకే రంగులో వేర్వేరు బరువులు అమ్ముతాయి. బాబోలాట్ ప్యూర్ డ్రైవ్ 1994లో వచ్చింది. 100 హెడ్, 300 గ్రాముల రాకెట్ అనగానే చాలామంది చెప్పే ఉదాహరణ అదే. కానీ అదే పేరుకి టీమ్ అని చేరితే 285 గ్రాములు, లైట్ అని చేరితే 270, 98 అని చేరితే 305. ప్లస్ అంటే బరువు అదే, పొడవు అరంగుళం ఎక్కువ. హెడ్ కంపెనీ స్పీడ్‌లో ఎంపీ అంటే 300 గ్రాములు, 16 బై 19. ప్రో అంటే 310 గ్రాములు, 18 బై 20. యోనెక్స్ ఈజోన్ 100 బరువు 300 అయితే 100 ఎల్ బరువు 285. విల్సన్ క్లాష్ 100 బరువు 295, 100 ఎల్ బరువు 280. పేరు కాదు, ఫ్రేము లోపలి వైపు అచ్చువేసిన గ్రాములు చదవండి.

ఆటగాళ్ల పేరు చూసి కొనడం గురించి కూడా ఒక హెచ్చరిక. వృత్తి ఆటగాళ్ల రాకెట్లకు చాలావరకు బరువులు కలిపి, పిడి మార్చి, వాళ్ల చేతికి తగ్గట్టు తయారుచేస్తారు. దుకాణంలో ఉన్నది ఆ రంగు రాకెట్ మాత్రమే. ఈ ఏడాది మోడల్‌కీ దాని ముందు మోడల్‌కీ తేడా సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. పాతది తగ్గింపు ధరకి దొరికితే సంతోషంగా తీసుకోండి, మిగిలిన డబ్బు గట్‌కి పనికొస్తుంది.

కొనేముందు, కొన్న తర్వాత

వీలైతే ఆడి చూసి కొనండి. కొన్ని దుకాణాలూ అకాడమీలూ పరీక్షకి రాకెట్లు ఇస్తాయి. లేకపోతే కోర్టులో తోటివారిది ఒక గంట అడిగి తీసుకోండి. మొదటి పది నిమిషాల్లో ఏదైనా బాగానే ఉంటుంది. చూడవలసింది అలసిపోయాక, చివరి ఇరవై నిమిషాల్లో. సర్వీస్ బంతులు నెట్‌కి తగులుతుంటే, బ్యాక్‌హ్యాండ్ ఆలస్యమవుతుంటే అది మీకు బరువెక్కువ. గట్టి బంతి వచ్చినప్పుడు రాకెట్ చేతిలో తిరిగిపోతుంటే బరువు తక్కువ.

పాతది కొంటుంటే హెడ్ పైభాగాన్నీ, హెడ్ పిడితో కలిసే చోటునూ గోటితో తడమండి. రంగు గీత పైపైనే ఉంటుంది, పగులు గోటికి తగులుతుంది. హెడ్ అంచున ఉండే ప్లాస్టిక్ పట్టీ అరిగి ఫ్రేము కనిపిస్తుంటే వద్దనుకోండి. కొత్త మోడల్ సగం ధరకి ఎవరైనా ఇస్తామంటే తూచి చూడండి. రాసిన గ్రాములకీ త్రాసుకీ పది పదిహేను గ్రాముల తేడా వస్తే అది నకిలీ కావచ్చు.

ఎండలో నిలిపిన కారులో రాకెట్ వదలకండి. వేడికి గట్ బిగువు వదులుతుంది. వర్షంలో తడిస్తే తుడిచి, గ్రిప్ ఆరాకే సంచిలో పెట్టండి.

దుకాణంలో అడగవలసిన ప్రశ్నలు ఐదు. గట్ లేకుండా బరువెంత? హెడ్ ఎంత? బ్యాలెన్స్ ఎంత? గ్రిప్ సైజు ఏది? ఇందులో ఇప్పుడున్న గట్ ఏ రకం, ఎన్ని పౌండ్లు? ఈ ఐదింటికీ జవాబు చెప్పగలిగిన దుకాణం నుంచి, ఇవాళ ఆ చెయ్యి ఊపగలిగే బరువునే తీసుకోండి. రెండేళ్ల తర్వాతి బరువు సంగతి రెండేళ్ల తర్వాత చూసుకోవచ్చు.